వాడకు కంప కొట్టకముందే రిపోర్టు రావాలె
(బోధన్ సభలో చేసిన ప్రసంగం పాఠం)



బోధన్‌ల సభ అంటే చక్కెర ఫ్యాక్టరీ మాట వస్తదనుకొని వచ్చిన్రు. ఇయ్యాళ మేము ల్యాబు గురించి చెప్తం. ల్యాబుకూ మాలమాదిగ వాడకూ ఏం సంబంధమని అడుగుతరు. ఉన్నది.

2020 మార్చి యాది చేసుకోండ్రి. గల్ఫ్ నుంచి మా వాడకు ఒక తమ్ముడు వచ్చిండు. రెండు రోజులకు దగ్గు మొదలైంది. ఊరోళ్లు వాడ బాటకు ముండ్లకంప కొట్టిన్రు. పసుపు ఉడకబెట్టే పనికి మన ఆడోళ్లను పిలువలేదు. నమూనా హైదరాబాద్ పోయింది. చివరికి రోగం లేదని రిపోర్టు వచ్చింది. పోయిన కూలి ఎవరిచ్చిన్రు? పాత అంటరానితనానికి కొత్త రోగం సాకైంది.

కరోనా అంటే ఒక్క రోగం కాదు, వైరస్‌ల కుటుంబం. 2003లో సార్స్ లోకాన్ని భయపెట్టింది. 2012లో సౌదీలో మెర్స్ బయటపడ్డది. అది ఒంటెల నుంచి మనిషికి అంటుతది. లెక్కకెక్కిన రోగుల్లో నూటికి దాదాపు 35 మంది చనిపోయిన్రు. ఆ సౌదీకే మన ఆర్మూరు, బోధన్ పిల్లలు బతుకపోతున్నరు. రేపటి కొత్త వైరస్ ముందుగాల మన జిల్లాలనే దిగొచ్చు.

కొత్త వైరస్ వచ్చిననాడు ఇంట్ల చూసుకునే కిట్టు ఉండదు. ముందు దొరికేది ఆర్‌టీపీసీఆర్ పరీక్షే. 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు వైరస్ జన్యుక్రమం బయటపెట్టిన కొద్దిరోజులకే బెర్లిన్ ల్యాబు పరీక్ష పద్ధతిని లోకానికిచ్చింది. సార్స్ నాటి నుంచి వాళ్లు పని ఆపలేదు గనుక చేయగలిగిన్రు. మన రాష్ట్రం నుంచి మొదట్ల నమూనాలు పుణె పోయినయి. తర్వాతనే గాంధీ దవాఖానల పరీక్షలు మొదలైనయి.

సిద్ధంగా ఉండుడంటే రోగం లేనినాడు గూడ ల్యాబు నడుచుడు. 2015లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డంక మిషన్లు ఏమైనయో మనం కండ్లార చూసినం. ల్యాబు మిషనుకూ అదే గతి పట్టొద్దు. రసాయనాల గడువు దాటొద్దు. కరెంటు పోతే జనరేటరుండాలె. టెక్నీషియన్లు పర్మినెంటుగ ఉండాలె. నమూనా చల్లగ తెచ్చే పెట్టె, బండి ఉండాలె. ల్యాబు ఊడ్చి చెత్త మోసే చేతులు మనయే. గ్లౌజులు, మాస్కులు, ట్రైనింగు ఆ చేతులకు ముందియ్యాలె.

అందరం కలిసి జిల్లా దవాఖానకు పోదాం. మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు అడుగుదాం. కొత్త కరోనా అనుమానమొస్తే నమూనా ఏడికి పోతది? ఎన్ని గంటల్ల రిపోర్టు వస్తది? ఆ రిపోర్టు ఊరందరి ముందు ఎవరు చదువుతరు?

రోగం ఉన్నదో లేదో ల్యాబు చెప్పాలె. కులం చూసి ఊరు చెప్పుడు ఇగ సాగదు.

జై భీమ్!