ముఖం ఎవరి సొత్తు?



మా అమ్మాయి ఉద్యోగం హైటెక్ సిటీలో. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే, దారిపొడవునా కెమెరాలున్నాయిలే అని గుండె నిబ్బరం చేసుకుంటాను.

అయితే, 2021లో మన హైదరాబాదులోనే పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ఫొటో తీశారంటూ ఒకాయన తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ముఖాన్నిబట్టి మనిషిని గుర్తుపట్టే యంత్రాన్ని ఏ చట్టం ప్రకారం వాడుతున్నారని ఆయన ప్రశ్న. గోప్యత ప్రాథమిక హక్కని 2017లోనే సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు గదా!

దొంగ దొరకాలి, ఆడపిల్ల క్షేమంగా ఇల్లు చేరాలి. కాదనేదెవరు? కానీ ఇంటి తాళంచెవి ఇచ్చేటప్పుడు ఎవరికిస్తున్నాం, ఎన్నాళ్లకిస్తున్నాం అని చూసుకోమూ? ముఖం అంతకన్నా చవకా? తాళమైతే మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోలేం గదమ్మా!

ఈ మాట మీ ఇంట్లోనూ ఒకసారి కదపండి. సెలవు.