వెనుకనున్న వారికి బంతి
(రేడియో ప్రసంగ పాఠము)



ఈ ఉదయం మిమ్మును పసిఫిక్ మహాసముద్రంలోని మూడు చిన్న ద్వీప దేశాలకు తీసుకొని వెళ్తాను. అవి ఫిజీ, సమోవా, టోంగా. ఫిజీ పేరు మనకు బొత్తిగా కొత్తది కాదు. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవులో ఓడ ఎక్కి అక్కడి చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. ఫిజీ జనాభా సుమారు 9 లక్షలు, సమోవా 2 లక్షలు, టోంగా 1 లక్ష. అందరినీ కలిపినా మన పెద్ద జిల్లా ఒక్కదానికి సరిపోరు.

ఈ ద్వీపవాసులకు ప్రాణమైన ఆట రగ్బీ. జట్టుకు 15 మంది, 80 నిమిషాల ఆట, కోలగా ఉండే బంతి. బంతి పట్టుకొని పరుగెత్తేవాణ్ణి ఎదుటివారు మన కబడ్డీలో వలె పట్టి పడవేస్తారు. ఇందులో ఒక వింత నియమమున్నది. చేతితో బంతిని ముందున్నవానికి అందించకూడదు. ప్రక్కనున్నవానికో, వెనుకనున్నవానికో అందించాలి. ముందుకు సాగాలంటే వెనుకవానిని మరువకూడదన్నమాట!

1982లో ఈ మూడు దేశాలు తమలో తాము ఒక పోటీ మొదలుపెట్టుకొన్నాయి. ఆ మొదటి పోటీలో సమోవా గెలిచింది. 2006లో జపాన్ వంటి జట్లు వచ్చి చేరగా పోటీ పెద్దదైంది. ఇప్పుడు దానిని పసిఫిక్ నేషన్స్ కప్ అంటారు. 2024లోను, 2025లోను ఫైనల్‌లో జపాన్‌ను ఓడించి ఫిజీ దానిని గెలుచుకొన్నది.

అయితే ఈ దేశాలకు ఒక దుఃఖమున్నది. బలమైన కుమారులు అక్కడ పుడతారు గాని బ్రతుకు తెరువు సముద్రం అవతల ఉంటుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, ఫ్రాన్స్ జట్లలో ఈ ద్వీపాల బిడ్డలు ఎందరో ఆడారు. ఒకసారి పెద్ద దేశం తరఫున ఆడినవాడు తిరిగి తన దేశానికి ఆడుటకు చాలాకాలం వీలు లేకపోయింది. 2021 నవంబరులో ప్రపంచ రగ్బీ సంస్థ ఆ నియమాన్ని మార్చింది. మూడేండ్లు అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉన్నవాడు, తాను గాని, తన తలిదండ్రులు గాని, తాత అవ్వలు గాని పుట్టిన దేశానికి ఒక్కసారి మారవచ్చును.

మలకాయి ఫెకిటోవా టోంగాలోని హాపాయి దీవుల్లో పుట్టాడు. న్యూజిలాండ్ తరఫున ఆడి, 2015లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. అంతకంటె పెద్ద గౌరవం ఆ ఆటలో లేదు. 2022 జనవరి 15న టోంగాలో సముద్రగర్భ అగ్నిపర్వతం ప్రేలింది, సునామీ వచ్చింది, ద్వీపాలు బూడిదతో నిండాయి. అదే సంవత్సరం జూలైలో ఫిజీలో జరిగిన పసిఫిక్ నేషన్స్ కప్‌లో ఫెకిటోవా టోంగా ఎర్ర చొక్కా తొడిగాడు. టోంగా మూడు ఆటలు ఆడి మూడూ ఓడిపోయింది. కప్పు సమోవాకు పోయింది.

ప్రియులారా, ఇక్కడ కొంచెం ఆగండి. గెలిచే ఇంటికి ఎవరైనా వస్తారు. ఓడిపోయే ఇంటికి ఎవరు వస్తారు?

షూషను కోటలో రాజుకు పానపాత్ర అందించే నెహెమ్యాకు ఏమి కొదువ? అయినను యెరూషలేము ప్రాకారము పడిపోయినదని విని కూర్చుండి ఏడ్చాడు. ఏడ్చి ఊరుకోలేదు, లేచి వెళ్లాడు.

నా సంగతి కూడా చెప్పనివ్వండి. సెమినరీ చదువు ముగించిన తరువాత నన్ను ముప్పై కుటుంబాలున్న ఒక పల్లె సంఘానికి పంపారు. నేను చిన్నబుచ్చుకొన్నాను. పట్నానికి మార్చమని ఉత్తరం వ్రాసి సంచిలో పెట్టుకొని తిరిగేవాణ్ణి. ఒకనాడు ఒక ముసలమ్మ నా చేతిలో రెండు కోడిగుడ్లు పెట్టి, "అయ్యగారూ, మా ఊళ్లో పుట్టి చదువుకున్నోళ్లు ఎవ్వరూ ఇక్కడ ఉండలేదు. తమరైనా ఉంటారా?" అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. ఆ ఉత్తరం మాత్రం వేయలేదు.

ఈ ద్వీపాల జట్లు ఆడినప్పుడు, ఆట ముగిశాక ఇరుజట్లవారు కలిసి మైదానంలో మోకరించి ప్రార్థించుట తరచు చూస్తాము. అంతసేపు ఒకరినొకరు పడవేసుకొన్న చేతులే ఒకరి భుజాల మీద ఒకరివి ఉంటాయి. 2016లో రియో ఒలింపిక్స్‌లో, ఏడుగురు ఆడే రగ్బీలో, ఫిజీ తన చరిత్రలో మొదటి ఒలింపిక్ పతకం బంగారమే సాధించింది. అప్పుడు కూడా ఆటగాళ్లు గుమిగూడి క్రైస్తవ కీర్తన పాడారు.

దూరదేశంలో ఉండి ఈ మాటలు వింటున్న తమ్ముడూ, చెల్లీ, అందరూ తిరిగి రాలేరు. అది పాపము కాదు. గాని మీ చేతిలో ఒక బంతి ఉన్నది. చదువు, సంపాదన, అనుభవం, ఏదైనా సరే. వెనుక మీ ఊరిలో దానికొరకు చేయి చాచి పరుగెత్తుచున్నవాడు ఒకడున్నాడు. ఈ వారం ఒక్కసారి వెనుదిరిగి చూడండి.

ప్రార్థించుకొందాము. ప్రభువా, చిన్నదని మేము విడిచివచ్చిన ఇంటిని నీవు విడువలేదు. ఆ ఇంటిని తిరిగి ప్రేమించు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.