చేర్పు – కల్తీ

కూరలో ఉప్పు తక్కువైనచో నాలుక వెంటనే చెప్పును. ఆ ఉప్పులో అయొడిన్ తక్కువైనచో నాలుకకు తెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట కంఠము చెప్పును. ఒక వస్తువు గుణమును పెంచుటకో, లోపమును తీర్చుటకో, అపాయమును తెలుపుటకో కొలిచి కలుపు స్వల్ప పదార్థమును సంకలిత ద్రవ్యమందురు. మనము దానిని ‘చేర్పు’ అని పిలుచుకొందము. చేర్పునకును కల్తీకిని గల భేదమును గృహస్థులందరు నెరిగియుండుట మేలు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. మన పూర్వులు సున్నపు గచ్చులో బెల్లపు నీటిని, కరక్కాయ నీటిని కలిపి గోడలకు గట్టితనము తెచ్చిరి. నేటి సిమెంటులోను నూటికి మూడు నుండి ఐదు పాళ్లు జిప్సం కలుపుచున్నారు. అది లేనిచో నీరు తగిలిన కొలది నిమిషములలోనే సిమెంటు బిగిసిపోవును. తాపీవానికి పనిచేయు వ్యవధి చిక్కదు.

వంటగ్యాసునకు సహజముగా చెప్పుకోదగిన వాసన లేదు. మనము ముక్కు మూసికొను ఆ దుర్గంధము ఇథైల్ మెర్‌కాప్టన్ అను ద్రవ్యమును కలుపుటచే వచ్చినది. 1937లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున న్యూ లండన్ అను ఊరి పాఠశాలలో వాసన లేని సహజవాయువు కారి, ప్రేలి, 290 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కండ్రు పసివారు. అటుపిమ్మట గ్యాసునకు వాసన కలుపవలెనని అచట శాసనము చేసిరి. ఆ కంపు మన ఇంటికి కావలి.

ఇక ఉప్పు మాట. కంఠమునందలి థైరాయిడ్ గ్రంథికి అయొడిన్ కావలెను. అది చాలనిచో గలగండము పుట్టును. గర్భిణికి చాలనిచో కడుపులోని శిశువు మెదడు ఎదుగుదల కుంటుపడును. ఆ నష్టము పిదప పూడునది కాదు. శ్రీకాకుళమున జన్మించిన డాక్టరు వులిమిరి రామలింగస్వామియు, వారి సహచరులును 1956 నుండి హిమాలయ పాదమునగల కాంగ్రా లోయలో ఒక పరిశోధన సాగించిరి. లోయను మూడు భాగములుగా విభజించి, రెండింటికి అయొడిన్ చేర్చిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును పంపిరి. కొన్ని ఏండ్లలో అయొడిన్ ఉప్పు తిన్నచోట్ల గలగండము బాగుగా తగ్గినది. 1962లో ప్రభుత్వము గలగండ నివారణకు జాతీయ పథకము నారంభించినది.

సముద్రమున అయొడిన్ ఉన్నది గదా, మన తీరపు ఉప్పుమళ్లలో పండిన కల్లుప్పు చాలదా యని కొందరడుగుదురు. చాలదు. నీరు ఎండి ఉప్పు పేరుకొనునప్పటికి అందు మిగులు అయొడిన్ అత్యల్పము. అందుచేతనే పొటాషియం అయొడేటును కలుపుచున్నారు. తేమగల మన దేశమున అది అయొడైడు కంటె నిలుకడగా నుండును. మన చేతికి వచ్చు ఉప్పులో కిలోకు 15 మిల్లీగ్రాముల అయొడిన్‌కు తగ్గరాదు. పెద్దవారికి దినమునకు కావలసినది 150 మైక్రోగ్రాములు. 70 ఏండ్ల ఆయువునకు లెక్కించినను నాలుగు గ్రాములు నిండదు. ఇంత స్వల్పము మీద బిడ్డల తెలివి ఆధారపడియున్నది! అట్లని ఉప్పు ఎక్కువ తినుమని మా మాట కాదు. తినెడి కొద్దిపాటి ఉప్పును మూతగల పాత్రలో, తేమకును ఎండకును దూరముగా ఉంచుడు.

చేర్పులన్నియు మేలు చేయునవేనా? కావు. 1921లో థామస్ మిడ్‌గ్లీ అను శాస్త్రజ్ఞుడు పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలిపిన ఇంజనులోని టకటక తగ్గునని కనిపెట్టెను. ప్రయోజనము నిజమే, కాని పొగవెంట వెలువడిన సీసము పిల్లల మెదడుకు చేటు తెచ్చినది. మన దేశమున 2000లోను, ప్రపంచమున చివరిదియైన అల్జీరియాలో 2021లోను మోటారుబండ్లకు ఆ పెట్రోలు అమ్మకము ఆగినది. పసుపునకు రంగు హెచ్చించుటకు లెడ్ క్రోమేటు కలుపు వ్యాపారి చేయునదియు సీసము కలుపుటయే. అయితే అందు ప్రయోజనము కూడ లేదు, కొలత లేదు, కొనువానికి చెప్పుటయు లేదు. అది కల్తీ.

కావున ఏ వస్తువును గూర్చియైనను నాలుగు ప్రశ్నలు వేసికొందము. దీనిని ఎందుకు కలిపిరి? ఎంత కలిపిరి? కలిపినట్లు మనకు చెప్పిరా? దీర్ఘకాలమున హాని లేదని పరీక్షించిరా? మొదటి మూడింటికి పొట్లము మీది అక్షరములు కొంతవరకు బదులు చెప్పును. అచట ఐ.యన్.యస్. 211 అని యున్నచో అది సోడియం బెంజోయేటు, బూజు పట్టకుండ కలుపునది. 102 అని యున్నచో టార్ట్రజిన్, కేవలము పసుపు వన్నెకై కలుపునది. మొదటిది నిలువకు, రెండవది కంటికి. నాలుగవ ప్రశ్నకు శాస్త్రజ్ఞులును ప్రభుత్వమును బదులు చెప్పవలెను. అడుగుట మాత్రము మన వంతు.