నీళ్లొచ్చినయి, లెక్క ఎవరడగాలె?

(నల్లగొండలో ప్రజారోగ్య సంఘం ఏర్పాటు సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్‌ను కాను, విలేకరిని. ఉద్యమంల విద్యార్థిగ లాఠీదెబ్బలు తిన్నోన్ని. నా చిన్నప్పుడు మా నాయనమ్మ ఆకాశం చూడాలంటె మంచంల పండుకోవాల్సి వచ్చేది. నడుము అంతగ వంగిపోయింది. ముసలితనం అనుకున్నం. అప్పటికి ఆమెకు యాభై ఏండ్లు కూడ లెవ్వు. మా బోరు నీళ్లే ఆమెను వంచినయని నాకు తెలిసేసరికి ఆమె లేదు.

ఈ సంగతి సర్కార్లకు తెల్వక కాదు. 1955లనే, ఇంకా హైదరాబాద్ రాష్ట్రం ఉన్ననాడే, నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల అచ్చయింది. తర్వాత పటిక, సున్నంతోని ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి ‘నల్లగొండ పద్ధతి’ అని పేరు. రోగానికీ మన జిల్లా పేరే, విరుగుడుకూ మన జిల్లా పేరే. మన కడవల్ల మాత్రం అవే బోరు నీళ్లు.

ఆ గోసల నుంచే దుశర్ల సత్యనారాయణ నాయకత్వంల జలసాధన సమితి నిలబడ్డది. 1996 లోక్‌సభ ఎన్నికలల్ల సమితి పిలుపుతోని వందల మంది నామినేషన్లు వేసిండ్రు. నల్లగొండ బరిల 480 మంది! బ్యాలెట్ పుస్తకమంత అయింది. పోలింగే వాయిదా పడ్డది. దేశమంత నల్లగొండ దిక్కు చూసింది. వచ్చిన జవాబేంది? అదే ఏడాది చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలు చేసిండ్రు. దూపకు నీళ్లియ్యలేదు గని, దూపైతుందని చెప్పుకునే దారికి ధర పెంచిండ్రు.

2014ల రాష్ట్రమొచ్చింది. 2016ల మిషన్ భగీరథ మొదలైంది. కృష్ణా నీళ్లు మన వాకిట్లకు వచ్చినయి. అది కొట్లాట ఫలితం, కాదనొద్దు. “మన సర్కారొచ్చె, నీళ్లొచ్చె, ఇంక సంఘమెందుకు?” అని కొందరు మిత్రులు అడుగుతున్నరు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పకుంట మనం సంఘం పెట్టొద్దు.

ఒకటి, మంచినీళ్లు తాగితె కొత్త రోగం ఆగుతది గని, వంగిన ఎముకలు సక్కగ కావు. ఆ మనుషులకు పింఛను గావాలె, ఫిజియోథెరపీ గావాలె, నొప్పికి మందు గావాలె.

రెండు, పైపు పగిలిననాడు, మోటరు కాలిననాడు మల్ల బోరు కాడికే పోతం. ఫ్లోరైడు కంటికి కనబడది, నోటికి తెల్వది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అన్నది పరీక్షల్నే తేలుతది. పండ్లు తయారయ్యే ఈడు పిల్లలకే ముందు దెబ్బ.

మూడు, సర్కారు మనదైనా అడిగేటోడు లేకుంటె ఫైలు కదలది. పరాయోళ్లను అడగడానికి కొట్లాడినం. మనోళ్లను అడగడానికి మొగమాటం ఎందుకు?

అందుకని పనులు పంచుకుందాం. విద్యార్థులు ఇల్లిల్లు తిరిగి బాధితుల పేర్లు రాయాలె. టీచర్లు బడిపిల్లల పండ్ల మీద మచ్చలు చూడాలె. ఉద్యోగులు ఏ పథకానికి ఏ కాగితం గావాల్నో చెప్పాలె. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ప్రతి బోరు నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం పంచాయతీ గోడ మీద రాయించాలె. ఏ పార్టీ జెండా వద్దు. సర్కారు మారినా రిజిస్టర్ మారొద్దు.

మా నాయనమ్మ పేరు ఏ లెక్కలనూ లేదు. అట్ల ఇంకొకరు పోవద్దు. మొదటి రిజిస్టర్ ఈ బల్ల మీదనే ఉన్నది. పోయేముందు మీ ఊరి పేరు, మీ ఊర్ల నడుము వంగినోళ్ల పేర్లు రాసిపోండ్రి.

జై తెలంగాణ.