విశ్వాసం, సేవ, హక్కు
(నందిపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను క్రైస్తవురాలిని. సంఘం పనిలో ఆ మాట ఎక్కువగా ఎత్తను. కానీ నీ విశ్వాసానికీ, హక్కుల పనికీ ఏం సంబంధమని మీరే అడిగారు కాబట్టి చెప్తాను.

దూరం పోనక్కరలేదు, మన డిచ్‌పల్లి చాలు. స్కాట్లండులో పుట్టిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, పాదిరీ అయిన భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో కుష్ఠురోగులకు దిక్కులేకపోవడం చూసి 1911లో ఒక ఆశ్రయం మొదలుపెట్టారు. 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి లేచింది. అందుకు డబ్బిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. సేవ తమ ఒక్కరి సొత్తే అనుకునేవాళ్ళకు, మా చర్చిలో వాళ్ళకు కూడా, నేనీ సంగతి గుర్తుచేస్తుంటాను.

సువార్తలో యేసు కుష్ఠురోగిని చెయ్యి చాపి ముట్టుకుని బాగుచేశాడు. ఒక్క మాటతో బాగుచేయగలిగినవాడు ముట్టుకోవడం ఎందుకు? రోగం వేరు, వెలి వేరు. రోగానికి మందుంది. వెలికి మందు లేదు, మనుషులే దాన్ని తీసెయ్యాలి. నాకు అర్థమైన విశ్వాసం ఇదే. అందుకే సేవ దగ్గర ఆగితే నాకు సరిపోదు.

1980ల నుంచి కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్స ఉంది. ఆరు నెలలో, పన్నెండు నెలలో మాత్రలు మింగితే తగ్గిపోతుంది. సర్కారు దవాఖానాలో ఉచితం. అయినా నేను తిరిగిన ఇళ్ళల్లో చూసిందేమిటి? మొగుడికి వస్తే భార్య చాకిరీ చేస్తుంది. భార్యకు వస్తే పుట్టింటికి పంపేస్తారు.

చట్టం కూడా అలా పంపేవాళ్ళకే తోడుగా ఉండేది. 1955 హిందూ వివాహ చట్టంలో, 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టంలో, 1954 ప్రత్యేక వివాహ చట్టంలో కుష్ఠు విడాకులకు కారణం. ఇక మా సంగతి వినండి. 1869 విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం రుజువైతే చాలు. భార్యకు మాత్రం అదొక్కటే చాలదు, దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేయడమో చూపాలి. ఈ అన్యాయాన్ని 2001లో సవరించారు. సంతోషించాం. కానీ అదే సవరణలో నయంకాని కుష్ఠును కొత్తగా విడాకుల కారణాల్లో చేర్చారు! నయమయ్యే మందు వచ్చిన ఇరవై ఏళ్ళకు! 2019లో వ్యక్తిగత చట్టాల సవరణ చట్టం వచ్చాకే ఈ చట్టాలన్నిటి నుంచీ ఆ మాట పోయింది.

చట్టంలో పోయింది, ఇళ్ళల్లో పోలేదు. అందుకని ఒక పని అడుగుతున్నాను. మన దగ్గర ఇంటింటా బీడీలు చుడతారు కదా. కత్తెర తెగినా నొప్పి తెలియని వేళ్ళు, స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే ఆ చెల్లెను దవాఖానాకు మీరే వెంట తీసుకుపోండి. ఆమెను ఇంట్లోంచి పంపేస్తామంటే 2019 చట్టం గురించి అత్తమామలకూ, పెద్దమనుషులకూ చెప్పండి. వచ్చే సమావేశానికి ఎన్ని ఊళ్ళు తిరిగారో రాసుకుని రండి.