మలికాన్పునకు ముందే చెప్పవలసిన మాట

(సంఘ కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన ఇండ్లలో తొలికాన్పు పుట్టింట జరుగుట ఆచారము. మలికాన్పు పెక్కుమార్లు అత్తవారింటనే జరుగును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకును, బళ్ళారి మైసూరు రాష్ట్రమునకును చేరినవి. ఎల్లలు మారినను వియ్యములు ఆగలేదు. అందుచేత తొలికాన్పున కలిగిన వ్యాధి ఎల్లకు ఆవలనే ఉండిపోయి, మలికాన్పు చేయు వైద్యునికి తెలియకపోవుట కద్దు.

నేను చెప్పబోవునది బాలింతకు వచ్చు మతిచలనమును గూర్చి. వేయి కాన్పులలో ఒకరిద్దరికి ఇది కలుగును. సాధారణముగా కాన్పైన రెండు వారములలోపల బయలుపడును. బిడ్డ నిద్రించినను తల్లికి కన్ను మూతపడదు. మాట పట్టు తప్పును. అయినవారిపైననే అనుమానము పుట్టును. గాలి సోకినదని మంత్రగానికై పరుగెత్తి విలువైన దినములు పోగొట్టుకొనరాదు. సకాలమున వైద్యము జరిగినచో పెక్కుమంది పూర్తిగా కోలుకొందురు.

అయితే ఒకసారి ఈ వ్యాధి వచ్చిన తల్లులు పదిమందిలో ముగ్గురు మొదలు ఐదుగురికి తదుపరి కాన్పున మరల రావచ్చును. ఇక బిడ్డలు వలదని దీని అర్థము కాదు. ఆ నిర్ణయము ఆ తల్లిది. తొలిసారి పిడుగువలె వచ్చినది, మలిసారి రావచ్చునని ముందే ఎరుగుదుము. ఆ ఎరుకయే మన బలము.

పుట్టింటివారు దీనిని దాచుట అల్లుడు బిడ్డను విడిచిపెట్టునేమోనను భయముచేత. ఆ భయము అకారణమని నేననను. కాని ఆ మౌనమువలన రెండు ప్రాణములు అపాయమున పడును. అత్తగార్లారా! మీరు కోడలిని నిందింపకున్నగాని వియ్యపురాలు నోరు విప్పదు.

గర్భము ధరింపకమున్నే, లేదా తొలినెలలలోనే వైద్యునికి సర్వము చెప్పుడు. వాల్ప్రోయేటు వంటి మందు గర్భస్థశిశువునకు హానికరము. మరికొన్ని మందులను హఠాత్తుగా మానుట తల్లికి ప్రమాదము. కావున సొంతముగా దేనినీ మార్చరాదు. వ్యాధి మరల రాకుండుటకు కాన్పుకాగానే లిథియము వంటి మందును రక్తపరీక్షలతో ఇచ్చు పద్ధతి కలదు. రాత్రులు ఇంటివారు బిడ్డను చూచుకొని తల్లిని నిద్రపోనిండు. లక్షణము కనబడిన నాడే ఆసుపత్రికి కొనిపొండు. అంతవరకు తల్లీబిడ్డలను ఒంటరిగా విడువకుడు.

1980లలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు మన జిల్లాలోనే ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల సిబ్బందికి మానసిక వైద్యమును నేర్పిరి. 1996లో ఆరంభమైన జాతీయ కార్యక్రమమునకు ఈ బళ్ళారి పద్ధతియే మూలము. తల్లీబిడ్డలను కలిపియుంచి చికిత్స చేయు విభాగము నిమ్‌హాన్స్‌లో 2009లో వెలసినది. 14416 నంబరునకు ఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును.

తొలిసారి వ్యాధి ఏ దినమున వచ్చినది, ఏ మందుతో నయమైనది ఒక కాగితమున వ్రాసి తాయికార్డుతో భద్రపరచుడు. బాలింత తన భయమును తల్లినుడిలోనే చెప్పుకొనగలదు. కన్నడమును తెలుగును ఎరిగిన ఒక ఇల్లాలిని ఆమెకు తోడు పంపుడు. మన సంఘము చేయదగిన సేవలలో ఇదియు ఒకటి.