నైజాము నాటి తపాలా బిళ్లలు



మన కరీంనగరము, ఆదిలాబాదు మండలములలోని పాత యిండ్లలో ఇనుపతీగెకు గ్రుచ్చిన జాబులు నేటికిని వ్రేలాడుచుండును. వానిపైని బిళ్లలను జూచి లక్షలు చేయునని కొందఱును, చెత్తయని కొందఱును పలుకుదురు. ఈ రెండు మాటలును బరీక్షింపకయే చెప్పునవి.

హైదరాబాదు సంస్థానము తన సొంత తపాలా బిళ్లను మొదట 1869 లో వెలువరించెను. మన పెద్దలు టప్పా యని పిలిచిన యా శాఖ 1950 లో భారత తపాలాలో గలిసిపోయెను. ఆ బిళ్లలు సంస్థానము లోపలనే చెల్లెడివి. వెలుపలికి జాబు వ్రాయవలెనన్న బ్రిటిషు ఇండియా బిళ్ల కావలసియుండెను. కావున నొకే తీగెపై రెండు విధముల బిళ్లలు గానవచ్చుట వింత గాదు.

ఇక గుర్తించు విధము. 1871 నాటి వరుసలో పారసీక లిపితోబాటు ఆంగ్లము, మరాఠీ, మన తెలుగు అక్షరములును గలవు. 1931 నాటి వరుసలో చార్మినారు, ఉస్మాన్ సాగరము మొదలగు చిత్రములు వెలసినవి. 1947 లో వచ్చిన మూడణాల బిళ్లపై ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణము శోభించును. పారసీక లిపిలో "సర్కారీ" యను ముద్ర పైనున్నచో నది కచేరీల జాబులకు వాడినది.

ప్రాచీనతయే మూల్యము గాదు. 1871 నాటి అర్ధణా బిళ్ల ముప్పదియేండ్లకు మించి వాడుకలో నుండెను గనుక నేటికిని విరివిగా దొరకును. దాని వెల స్వల్పము. అయినను నొకే బొమ్మ గలవానిలో భేదము లుండును. అంచున రెండు సెంటీమీటర్ల నిడివిలో నెన్ని రంధ్రములున్నవో లెక్కింపవలెను. వెలుతురున కెత్తి కాగితములోని నీటిగుర్తును జూడవలెను. అక్షరములలో నొక భాగము లోపించెనేమో పరికింపవలెను. చిరుగులు వెలను దగ్గించును. పాత బిళ్లపై "సర్కారీ" ముద్రను గ్రొత్తగా గొట్టి మోసగించుట సులభము. ఆ విషయమున జాగ్రత్త వహింపవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. బడిపంతులుగా నున్న దినములలో నేను మా తాతగారి కవరులనుండి బిళ్లలను గత్తిరించి, నీట నానబెట్టి, పుస్తకమున నంటించి పిల్లలకు జూపితిని, కవరులను బాఱవైచితిని. ఏండ్లు గడచిన పిదప నా బిళ్లలు సామాన్యములని తెలిసినది. కాని పోయిన కవరులమీద టప్పా ముద్రలుండెను. ఏ చిన్న గ్రామమునుండి యేనాడు జాబు బయలుదేఱెనో చెప్పునవి యవియే. కరీంనగరము జిల్లాకు 1905 కు బూర్వము ఎలగందల యని పేరు. అట్టి పాత పేరు గల ముద్ర స్పష్టముగా నున్న నిండు కవరు, విడి బిళ్లకంటె నెన్నియో రెట్లు విలువైనది. మా తాతగారు జీవనార్థమై యే యే యూళ్లు దిరిగిరో నే డడిగిన జెప్పువారు లేరు. చెప్పగల సాక్ష్యమును నా కత్తెరయే తెగగోసినది.

కావున పెద్దలారా! తీగెపైని జాబులను కాటాకు వేసి యమ్మకుడు. బిళ్లలను గోయకుడు, కడుగకుడు, జిగురు పూయకుడు. కవరుతో, లోని జాబుతో సహా చెమ్మ తగులని పెట్టెలో నుంచుడు. కొనవచ్చినవా డొక్కడు చెప్పిన ధరను నమ్మక మఱియొక నెఱిగినవానికి జూపుడు. వెల రాకున్నను, మీ మనుమల కది వంశచరిత్రయై నిలుచును.